మోటుపల్లి రేవునందు పరదేశి సొత్తు

ఒక దేశపువాడు మఱియొక దేశమున సరకు అమ్మును, అప్పిచ్చును, పెండ్లియాడును, ఒక్కొక్కప్పుడు అచ్చటనే కన్నుమూయును. అతని వ్యవహారము తగవునకు వచ్చినప్పుడు తీర్పరి యే దేశపు ధర్మమును అనుసరింపవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకు శాస్త్రమునకు ప్రైవేటు అంతర్జాతీయ న్యాయమని నేటి పేరు. న్యాయవాదుల గ్రంథములలో దీని చరిత్ర ఇటలీ పట్టణములతో మొదలగును. అది తప్పు గాదు. కాని దానికి ముందు తీరవలసిన ప్రశ్న యింకొకటి కలదు: పరదేశి తెచ్చిన సొత్తు అసలు వానిదేనా? దీనికి మన సముద్రతీరమున నొక రాతిస్తంభము బదులు చెప్పుచున్నది.

అది మోటుపల్లి వీరభద్రాలయములోనిది. కాకతి గణపతిదేవుడు శకవర్షము 1166న, అనగా క్రీ. శ. 1244 ప్రాంతమున, వేయించిన అభయశాసనము. దాని తాత్పర్యమిది. పూర్వపు రాజులు తుపానున జిక్కి దరికి గొట్టుకొనివచ్చిన యోడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు సమస్తమును బలిమితో గైకొనెడివారు. ప్రాణముకంటె ధనమే మిన్నయని కడలికి ఎదురేగు వర్తకులయెడ దయ దలచి, తాను క్లుప్తశుల్కము దక్క మఱేమియు గొననని గణపతిదేవుడు మాట యిచ్చెను. ఆ శుల్కము ఎగుమతులకును దిగుమతులకును ముప్పదింట నొక పాలు. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, పట్టునూలు, మిరియములు, పోకలు మున్నగువానికి సుంకములు పేరుపేరున నిర్ణయింపబడినవి. కీర్తికిని ధర్మమునకును ఈ పని చేసితినని రాజు చెప్పుకొనెను. రేవు నిండుటవలన బొక్కసమును నిండును గదా. ఆ మాట రాజు నోట రాకున్నను సుంకముల పట్టిక చెప్పుచునే యున్నది.

నాకు ముఖ్యముగా దోచున దేమన, గణపతిదేవుడు పూర్వరాజుల యాచారమును మఱుగుపఱుపక, రాతిమీదనే దానిని నిలిపి త్రోసివేసెను. ఆ దురాచారము మనయొక్కరిదే కాదు. ఐరోపాలోను పగిలిన యోడ సరకు ఒడ్డు నేలినవానిదని ప్రభువులు వాదించుచుండిరి. ఫ్రాన్సులో, ఆ దేశపు వారసులు లేక పరదేశి చనిపోయినచో నాతని సొత్తు రాజుపాలగుచుండెను. 1790లో విప్లవసభవారు దానిని కొట్టివేసినను 1819 వఱకు పూర్తిగా తొలగలేదు. మోటుపల్లిలోనో, 1358లో కొండవీటి అనవోతారెడ్డి మఱల శాసనము వేయించి, వర్తకులు వచ్చి కాపురముండవచ్చుననియు, పోదలచినప్పుడు బలిమిని ఆపమనియు ప్రకటించి, బిడ్డలు లేక మరణించినవాని ధనముపై గొను అపుత్రికమును విడిచిపెట్టెను.

ఇక తీర్పరి ప్రశ్న. దాని జాడ మన స్మృతులలో లేకపోలేదు. కూడి వర్తకము చేయువారిలో నొకడు పరదేశమున మరణించినచో నాతని ధనము దాయాదులకును, బంధువులకును, జ్ఞాతులకును, తిరిగివచ్చిన తోడివర్తకులకును జెందవలెననియు, ఎవరును లేనప్పుడే రాజునకనియు యాజ్ఞవల్క్యుడు చెప్పెను. రాజు పదియేండ్లు వేచియుండవలెనని నారదుని నియమము. ఆ స్మృతిపై విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను గణపతిదేవుని శతాబ్దముననే కేతన తెలుగు పద్యములలోనికి దెచ్చెను. జాతి, శ్రేణి, జనపద, కులధర్మములను రాజు మన్నింపవలెనని మనువే చెప్పెను.

ఐనను సర్వమును మన శాస్త్రములలోనే యున్నదని చాటువారితో నేను గొంతు కలుపజాలను. వేఱు ధర్మములవారు ఇరువురు ఒక్క తగవున నెదురుపడినప్పుడు ఏ ధర్మము నెగ్గవలెనను విచారము మనకడ శాస్త్రముగా బెరుగలేదు. ఇటలీలో బెరిగెను. బొలోన్యా పౌరునిపై మొదేనాలో వ్యాజ్యము తెచ్చినచో మొదేనా శాసనములతో నాతనిని తీర్పరాదని పదుమూడవ శతాబ్దమున అకుర్సియసు వ్యాఖ్యానించెను. మఱుసటి శతాబ్దమున బార్తొలసు, మనిషినిగూర్చిన శాసనము మనిషివెంట బోవుననియు, భూమినిగూర్చినది భూమినంటి యుండుననియు విడదీసెను. జ్యేష్ఠునికే దాయమను ఇంగ్లీషు ఆచారమును పరీక్షించుచు, ఆ వాక్యము ‘సొత్తు’తో మొదలైనదా ‘జ్యేష్ఠుడు’తో మొదలైనదా చూడుడని యాయన చెప్పగా తరువాతి పండితులు నవ్విరి. నవ్వినను మార్గము వేసినవా డాతడే. ఒకదానికొకటి లొంగని పట్టణము లనేకము ప్రక్కప్రక్కను ఉండుటయు, వాని తగవులను గ్రంథస్థము చేయు విద్యాపీఠము లుండుటయు అచ్చటి భాగ్యము. మన శ్రేణుల తీర్పులు పుస్తకమెక్కినవి తక్కువ.

కావున ఆ శాస్త్రము మనకు ఆంగ్లేయుల చేతిమీదుగా వచ్చెను. 1781నాటి పార్లమెంటు చట్టము, కలకత్తా సుప్రీముకోర్టులో దాయము, ఒప్పందము మొదలగు విషయములందు వాది ప్రతివాదులలో నొకడే హిందువుగాని ముసల్మానుగాని యైనచో ప్రతివాది ధర్మమును చూడవలెననెను. 1908నాటి సివిలు ప్రొసీజరు కోడు 13వ సెక్షనున పరదేశ న్యాయస్థానముల తీర్పులకు పరీక్షలు పెట్టెను. ఆ పరదేశములలో నిజామురాజ్య మొకటి. ఓరుగంటిలోగాని మహేశ్వరములోగాని ఇచ్చిన తీర్పు, మద్రాసు రాజధానిలోనున్న మోటుపల్లికి వచ్చునప్పటికి పరదేశపు తీర్పు. గణపతిదేవుడు ఓరుగంటినుండి పరదేశులకు అభయమిచ్చిన రేవునందు ఓరుగల్లే పరదేశమయ్యెను; 1951 ఏప్రిలు 1న గాని ఆ కోడు హైదరాబాదు రాష్ట్రమునకు విస్తరింపలేదు.