ఇంకో టేకు

గోడ మీంచి చెట్టు కొమ్మ మీదికి దూకాలి. అంతే సీను. జాకీ చాన్ లెక్కలో అది స్టంటే కాదు. అంతకుముందే ఒక షాపింగ్ మాల్‌లో పైఅంతస్తు నుంచి కిందిదాకా ఇనుప స్తంభం పట్టుకుని జారిన మనిషికి ఒక చెట్టు కొమ్మ ఎంత?

1986. అప్పటికింకా ఒక్క దేశంగానే ఉన్న యుగోస్లావియా. సినిమా పేరు 'ఆర్మర్ ఆఫ్ గాడ్'. మొదటిసారి దూకాడు. కొమ్మ చేతికందింది, షాట్ బాగానే వచ్చింది. అక్కడున్న వాళ్లంతా ఓకే అనుకున్నారు. ఆయనకే నచ్చలేదు. ఇంకో టేకు తీద్దామన్నాడు.

రెండోసారి కొమ్మ విరిగింది.

ఎత్తు ఐదు మీటర్లకు అటూఇటూ. కింద రాళ్లు. ముందుగా నేలకు తగిలింది తలే. లేవబోయాడు, ఒళ్లు సహకరించలేదు. చెవిలోంచి రక్తం కారుతోంది. పరుగెత్తుకొచ్చిన యూనిట్ వాళ్లు ఆయన్ను కదలనివ్వలేదు. పుర్రె పగిలి ఎముక లోపలికి దిగిందనీ, మెదడులో రక్తస్రావం అవుతోందనీ డాక్టర్లు తేల్చారు. తల తెరిచి ఆపరేషన్ చేశారు. ఎముక పోయిన చోట ప్లాస్టిక్ బిళ్ల అమర్చారు, అది ఇవాళ్టికీ ఆయన తలలో ఉంది. కుడి చెవికి వినికిడి తగ్గిపోయింది.

అప్పటిదాకా ఆ సినిమాకు దర్శకుడు ఎరిక్ త్సాంగ్. కోలుకుని వచ్చాక జాకీ చానే మెగాఫోన్ పట్టుకుని మిగతాది పూర్తి చేశాడు. ఈసారి చూసినప్పుడు ఆయన జుట్టు గమనించండి. ప్రమాదానికి ముందు తీసిన సీన్లలో ఒక తీరుగా, తర్వాతి సీన్లలో ఇంకో తీరుగా ఉంటుంది. కథలో దానికి కారణమేమీ కనిపించదు. అసలు కారణం సినిమా అయిపోయాక, పేర్లు పడేటప్పుడు కనిపిస్తుంది. ఆ పతనాన్ని, ఆ హడావుడిని ఆయన దాచుకోలేదు, చివర్లో అతికించి జనానికి చూపించాడు.

వలిగొండ, చిట్యాల మధ్య రైలుకట్టను ఆనుకుని ఉన్న మా రామన్నపేటలో, చుట్టూ ఉన్న సిరిపురం, వెల్లంకి లాంటి నేతపల్లెల్లో ఆ కాలంలో ఇలాంటి సినిమా చూడాలంటే వీడియో డెక్కు కిరాయికి తేవాల్సిందే. కలర్ టీవీ, డెక్కు, నాలుగు క్యాసెట్లు. ఇంటికింత అని చందా వేసుకుంటే తెల్లారేదాకా ఆట. తెలుగులో అప్పటికే సుమన్, భానుచందర్ల కరాటే గాలి గట్టిగా వీచింది. 1984లో ఇద్దరూ కలిసి 'మెరుపు దాడి' చేశారు. అందుకని కాళ్లూ చేతులూ ఆడే సినిమా ఏదైనా మావాళ్ల లెక్కలో కరాటే సినిమాయే. జాకీ చాన్ క్యాసెట్‌లో మాటలు చైనావాళ్లవి, కింద అక్షరాలు సగం తెగిపోయేవి. అయినా ఎవరూ కథ అడగలేదు. కుర్చీ మడిచి దాంతోనే ఒకణ్ని కొట్టి, అదే కుర్చీ తిరిగి విప్పి కూర్చుంటే నవ్వు రావడానికి భాష ఎందుకు? సినిమా అయిపోయిందని చాపలు దులుపుతుంటే తెర మీద ఆయన మళ్లీ పడేవాడు, ఈసారి నిజంగా. లేచినవాళ్లు లేచినట్టే కూలబడేవాళ్లు. అప్పుడు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఆ దెబ్బల కథ హాంకాంగ్‌లో ఒక వంటవాడి ఇంట్లో మొదలైంది. చైనా అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన చార్లెస్ చాన్ దంపతులు విక్టోరియా పీక్ మీద ఫ్రెంచి దౌత్యాధికారి ఇంట్లో పనికి కుదిరారు. 1954 ఏప్రిల్ 7న కొడుకు పుట్టాడు. పేరు చాన్ కాంగ్ సాంగ్. చదువు అబ్బలేదు. 1960లో తండ్రికి కాన్‌బెరాలోని అమెరికా రాయబార కార్యాలయంలో వంటపని దొరికింది. ఆస్ట్రేలియా పోవాలి. ఈ అల్లరి పిల్లాణ్ని ఏం చేయాలి?

చైనా డ్రామా అకాడమీకి తీసుకెళ్లాడు. పేరు ఘనమే గానీ, అది యు జిమ్ యువెన్ అనే గురువు నడిపే పెకింగ్ ఒపెరా బడి. పాట, మాట, మొగ్గలు, కత్తి, కర్ర అన్నీ అక్కడే నేర్పుతారు. తిండీ బట్టా గురువువి, పదేళ్లపాటు పిల్లవాడి మీద వచ్చే సంపాదన కూడా గురువుదే. కొట్టే అధికారం సరేసరి. ప్రాణం పోయేదాకా కొట్టినా అడగరాదని ఒప్పందంలోనే ఉందని జాకీ చాన్ పెద్దయ్యాక చెప్పుకున్నాడు. తండ్రి ఆ కాగితం మీద సంతకం పెట్టి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు.

మన చిందు యక్షగానం కళాకారుల ఇళ్లల్లో పిల్లలు అయ్య వెనక నిలబడి అడుగు నేరుస్తారు. 2024లో పద్మశ్రీ అందుకున్న జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు ఆట ఇంటినుంచే వచ్చింది. యు జిమ్ యువెన్ బడి పిల్లలకు ఆట బెత్తంతో వచ్చింది. గోడకు కాళ్లు ఆనించి తలకిందులుగా నిలబడితే, చేతులు వణికినా దిగడానికి వీల్లేదు. ఒకడు తప్పు చేస్తే అందరికీ పడేది. సామో హుంగ్, యువెన్ బియావ్ ఆ బడిలో ఆయనకు అన్నాతమ్ముళ్లు. 'సెవెన్ లిటిల్ ఫార్చూన్స్' పేరుతో వాళ్ల జట్టు ప్రదర్శనలిచ్చేది. పదేళ్లు గడిచి బయటికి వచ్చేసరికి ఒపెరాకు జనం కరవయ్యారు. నేర్చిన విద్యకు ఒక్కచోటే గిరాకీ ఉంది. సినిమా స్టూడియోల్లో కింద పడేవాళ్లు కావాలి.

1972లో 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' వచ్చింది. పతాక సన్నివేశంలో బ్రూస్ లీ తన్నితే విలన్ చెక్క తలుపులు చీల్చుకుంటూ ఆవలికి ఎగిరిపడతాడు. ఎగిరింది విలన్ వేసిన నటుడు కాదు, ఆయనకు డూపుగా పెట్టిన పదిహేడేళ్ల కుర్రాడు. ఆ కుర్రాడి పేరు తెర మీద ఎవరికీ తెలియదు.

మరుసటి ఏడు 'ఎంటర్ ది డ్రాగన్'. భూగర్భంలో బ్రూస్ లీ మీదికి గుంపులు గుంపులుగా విరుచుకుపడే అనుచరుల్లో ఇతనూ ఒకడు. లీ తిప్పిన కర్ర గురి తప్పి ముఖానికి తగిలింది. కెమెరా ఆగేదాకా లీ ఆపలేదు. ఆగిన మరుక్షణం కర్ర పారేసి పరుగున వచ్చి పట్టుకున్నాడు, క్షమాపణ చెప్పాడు. దెబ్బ పెద్దదేం కాదు. కానీ బ్రూస్ లీ అంతటివాడు దగ్గరకు తీసుకుని లాలిస్తుంటే అప్పుడే తగ్గిందని చెబుతారా ఎవరైనా? నొప్పి లేకున్నా మూలుగుతూనే ఉన్నానని జాకీ చాన్ ఎన్నో ఇంటర్వ్యూల్లో నవ్వుతూ చెప్పాడు. నన్నడిగితే ఆయన తొలి హాస్య సన్నివేశం అదే.

1973 జులై 20న బ్రూస్ లీ పోయాడు. హాంకాంగ్ నిర్మాతలంతా ఇంకో బ్రూస్ లీ కోసం వెతకడం మొదలుపెట్టారు. 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' తీసిన లో వే ఈ కుర్రాణ్ని పట్టుకుని 1976లో 'న్యూ ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' తీశాడు. 'డ్రాగన్ అయినవాడు' అనే అర్థంతో పేరూ మార్చాడు. పళ్లు బిగించమన్నాడు, కోపంగా చూడమన్నాడు. సినిమా మీద సినిమా వచ్చింది, జనం రాలేదు. బ్రూస్ లీ చూపు పడితే ఎదుటివాడు వెనక్కి తగ్గాల్సిందే. ఈయన ముక్కు చూస్తేనే నవ్వొస్తుంది, కోపం ఎవరు నమ్ముతారు?

చివరికి లో వే ఆయన్ను రెండు సినిమాలకు వేరే నిర్మాతకు అరువిచ్చాడు. నిర్మాత ఇంగ్ సీ యువెన్, దర్శకుడు యువెన్ వూ పింగ్. రెండూ 1978లోనే వచ్చాయి: 'స్నేక్ ఇన్ ది ఈగిల్స్ షాడో', 'డ్రంకెన్ మాస్టర్'. రెండోదానిలో ఆయన వేసింది వాంగ్ ఫే హుంగ్ పాత్ర. దక్షిణ చైనాలో ఆ పేరంటే జానపద వీరుడు, దేవుడితో సమానం. మన సర్వాయి పాపన్నను బడి ఎగ్గొట్టి కల్లు మండువ చుట్టూ తిరిగే పోరడిగా చూపిస్తే ఎట్లుంటది? అంత సాహసం అది. జనం కోప్పడలేదు, ఎగబడ్డారు.

అక్కడే జాకీ చాన్‌కు తన దారి దొరికింది. బ్రూస్ లీ గుద్దితే ఎదుటివాడికే నొప్పి. జాకీ చాన్ గుద్దితే తన పిడికిలికీ నొప్పే, చెయ్యి విదిలించుకుంటాడు, ఊదుకుంటాడు, మళ్లీ గుద్దుతాడు. హీరో పారిపోతాడు, బల్ల కింద దూరతాడు, చేతికి దొరికిన నిచ్చెనతోనో గొడుగుతోనో గట్టెక్కుతాడు. నొప్పి తెలిసిన హీరో కాబట్టే ఆయన గెలుపు మనదనిపిస్తుంది. తీరా చూస్తే ఆ నొప్పిలో నటన పాలు చాలా తక్కువ.

1983లో 'ప్రాజెక్ట్ ఎ'. గడియారం ముల్లు పట్టుకుని వేలాడి, చేయి వదిలి, రెండు గుడ్డ పందిళ్లను చీల్చుకుంటూ నేల మీద పడాలి. 1923లో హెరాల్డ్ లాయిడ్ 'సేఫ్టీ లాస్ట్'లో గడియారం పట్టుకుని వేలాడాడు గానీ పడలేదు. ఈయన పడ్డాడు. అదీ ఒక్కసారి కాదు. వేర్వేరు టేకుల్ని ఒకదాని వెంట ఒకటి సినిమాలోనే పెట్టాడు.

1985లో అమెరికా వెళ్లి 'ది ప్రొటెక్టర్' చేశాడు. అక్కడి దర్శకుడు ఫైట్లు తన పద్ధతిలోనే తీస్తానన్నాడు. సినిమా తేలిపోయింది. ఆ కసితో హాంకాంగ్ తిరిగొచ్చి అదే ఏడాది తీసిందే 'పోలీస్ స్టోరీ'. చివరి ఫైటు షాపింగ్ మాల్‌లో. పగిలిన అద్దాలు చూసి యూనిట్ వాళ్లు ఈ సినిమాకు 'గ్లాస్ స్టోరీ' అని పేరు పెట్టుకున్నారు. విలన్లు కింది అంతస్తులో ఉన్నారు, హీరో పైన. మధ్యలో బల్బుల తీగలు చుట్టిన ఇనుప స్తంభం. గాల్లోకి ఎగిరి స్తంభాన్ని పట్టుకుని, బల్బులు పగులుతుంటే జారి, అద్దాల పైకప్పును బద్దలుకొట్టుకుని నేల మీద పడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే లేచి విలన్ వెంట పరుగెత్తాడు. కట్ చెప్పాక చూసుకుంటే అరచేతులు కాలిపోయి ఉన్నాయి. వెన్నుపూసలు దెబ్బతిన్నాయి, కటి ఎముక జరిగింది.

చేతులు కాలడానికి కారణం రాపిడి ఒక్కటే కాదు. ఆ బల్బులకు బ్యాటరీ నుంచి తక్కువ కరెంటు ఇవ్వాలి. ఎవరో తీసుకెళ్లి నేరుగా గోడ ప్లగ్గుకు కలిపారు. బోరు మోటార్ల దగ్గర కరెంటుతో కాపురం చేసే మా నల్లగొండ రైతులకు దీని అర్థం విడమర్చి చెప్పక్కర్లేదు. దీన్ని వీరగాథగా చెప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పను. దూకడం ధైర్యమే, ప్లగ్గు మాత్రం ఒట్టి నిర్లక్ష్యం. ఆ రాత్రి ఆ స్తంభం మీద పేరులేని ఫైటర్ ఎవరన్నా ఉండి ప్రాణం పోయుంటే, ఇవాళ మనం ఆ సంగతి చెప్పుకునేవాళ్లమే కాదు.

హాంకాంగ్ మాత్రం ఆ శ్రమను గుర్తించింది. 1986 హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో 'పోలీస్ స్టోరీ' ఉత్తమ చిత్రమైంది. ఉత్తమ యాక్షన్ కొరియోగ్రఫీ బహుమతీ దానికే వచ్చింది. ఫైట్లకంటూ విడిగా అవార్డు ఉండాలని ఆ చిన్న నగరానికి అప్పటికే తెలుసు.

'ఆర్మర్ ఆఫ్ గాడ్' ప్రమాదం తర్వాతా ఆయన మారలేదు. బీమా కంపెనీలు ముఖం చాటేశాయి. తన స్టంట్ జట్టులో ఎవరికి దెబ్బ తగిలినా ఆస్పత్రి ఖర్చు ఆయనే భరించాడు. 1995 నాటి 'రంబుల్ ఇన్ ది బ్రాంక్స్'లో హోవర్‌క్రాఫ్ట్ మీదికి దూకి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. కాలికి కట్టు, కట్టు మీద బూటులా రంగు వేసిన మేజోడు తొడుక్కుని మిగతా సీన్లు పూర్తిచేశాడు. అంతకుముందు పదిహేనేళ్లుగా తలుపు తెరవని అమెరికా ఆ సినిమాకు తెరిచింది. 1998లో 'రష్ అవర్' వచ్చాక ఇక చెప్పేదేముంది.

మన వైపు కూడా వచ్చాడు. 2005లో వచ్చిన 'ది మిత్' కోసం రాయలేలిన హంపీలో షూటింగ్ చేశాడు, పక్కన మల్లికా షెరావత్. 2008 ఏప్రిల్‌లో కమల్ హాసన్ 'దశావతారం' ఆడియో విడుదలకు చెన్నై వచ్చాడు. 2017లో సోనూ సూద్, దిశా పటానీలతో 'కుంగ్‌ఫూ యోగా' చేశాడు. అభిమానులు క్షమించాలి, అది చూడకపోయినా నష్టం లేదు. అరవై దాటిన ఒంటికి కంప్యూటర్ గ్రాఫిక్సు సాయం చేస్తే తప్పులేదు గానీ, ఆ దూకుళ్లలో బరువు లేదు. ఆయన్ను తలుచుకుని ఒక్కటే చూడాలనుకుంటే 'పోలీస్ స్టోరీ' చూడండి. పేర్లు పూర్తయ్యేదాకా లేవకండి.

2016 నవంబరులో ఆయనకు గౌరవ ఆస్కార్ ఇచ్చారు. స్టాలోన్ ఇంట్లో ఆస్కార్ బొమ్మను చూసి, తాకి, ముద్దు పెట్టుకున్న రోజును ఆ వేదిక మీద గుర్తు చేసుకున్నాడు. ఇన్ని సినిమాలు, ఇన్ని విరిగిన ఎముకల తర్వాత ఇది నాదైందన్నాడు. అది జీవితం మొత్తానికి ఇచ్చిన గౌరవం. ఫైట్లకంటూ ఆస్కార్‌లో అప్పటికి విభాగమే లేదు.

2025 ఏప్రిల్‌లో అకాడమీ ఆ విభాగాన్ని ప్రకటించింది. ప్రకటన చిత్రానికి మూడు సినిమాల్లోంచి దృశ్యాలు ఎంచుకున్నారు. ఒకటి టామ్ క్రూజ్ 'మిషన్ ఇంపాజిబుల్'. రెండోది మొదట్లో జాకీ చాన్‌నే హీరోగా అనుకుని, చివరికి మిషెల్ యోతో తీసిన 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్'. మూడోది మన 'ఆర్ఆర్ఆర్'. దాని ఫైట్లకు కింగ్ సాల్మన్‌కు మన జాతీయ అవార్డు 2023లోనే ప్రకటించారు. ఆస్కార్ వంతు 2027లో విడుదలయ్యే సినిమాలతో మొదలవుతుంది. స్టంట్లకు తొలి ఆస్కార్ ఇచ్చేది 2028లో, నూరో ఆస్కార్ వేడుకలో.