ఆఫ్రికాజాతుల యథార్థచిత్రములు: కర్తృకర్మవిచారము

ప్రమాణములలోఁ బ్రత్యక్షము జ్యేష్ఠమని దార్శనికు లంగీకరించిన విషయమే. చలచ్చిత్రము పుట్టిననాఁటినుండియు లోకులు దానిని బ్రత్యక్షమునకు సాటిగా నెన్నుచు వచ్చిరి. కన్నులారఁ జూచినదానిని గాదనువాఁ డెవఁడు? కావుననే కల్పితకథ గాక లోకవృత్తమును జూపు యథార్థచిత్రము, డాక్యుమెంటరీ యని వ్యవహరింపఁబడునది, విద్యాపీఠములందు శాసనములకును దాళపత్రములకును దోడుగాఁ జరిత్రసాధనమై నిలిచినది. అయినను శాసనపరిశోధకులు శిలను జూడఁగనే దానిని నమ్మరు. వేయించిన దెవరు, చెక్కిన దెవరు, ఎవరి యాజ్ఞచే వెలసెను అని మున్ముందు విచారింతురు. చిత్రమును గూర్చియు నా విచారమే కర్తవ్యము. ఆఫ్రికాఖండవాసులను, అచటినుండి బలాత్కారముగఁ గొనిపోఁబడి యన్యదేశములఁ బాదుకొన్నవారి సంతతిని జూపిన చిత్రముల చరిత్ర యీ విషయమున మిక్కిలి బోధకము.

వ్యాకరణశాస్త్రమున క్రియయందు స్వాతంత్ర్యము గలవాఁడు కర్త. కర్త తన క్రియచేఁ బొందఁగోరునది కర్మము. కర్తను బనికిఁ బురికొల్పువాఁడు ప్రయోజకకర్త. చూచుట యను క్రియ కీ మువ్వురును గలరు. ఆఫ్రికాచిత్రములందు దాదాపు అఱువదియేండ్లు యూరోపీయులు కర్తలుగాను ఆఫ్రికావాసులు కర్మముగాను ఉండిరి. ఆ వాక్య మెట్లు మాఱినదో, మాఱినపిదపఁ బ్రయోజకకర్త యెచట దాగియుండెనో విచారింపవలసియున్నది.

పారిస్ నగరమందు 1895వ సంవత్సరమునఁ బశ్చిమాఫ్రికాజాతుల ప్రదర్శన మొకటి జరిగెను. అం దాయాదేశముల వస్తువులే కాక మనుష్యులును బ్రదర్శింపఁబడిరి. ఫెలిక్స్ లూయీ రెన్యో యను వైద్యుఁడు అచట వొలోఫ్ జాతి స్త్రీ యొకతె కుండ చేయుచుండఁగా నామె కదలికలను వరుసఛాయలుగాఁ బట్టెను. లూమియేర్ సోదరులు రుసుము గైకొని ప్రజలకుఁ జలచ్చిత్రములఁ జూపిన డిసెంబరు 28వ తేదీకిఁ గొన్ని నెలలు ముందే యిది జరిగినది. కావునఁ జలచ్చిత్రము వినోదసాధన మగుటకు ముందే మానవశాస్త్రసాధన మయ్యెననవచ్చును. రెన్యో యుద్దేశము జ్ఞానసంపాదనమే. ఇట్టి చిత్రములను గ్రంథములవలె భద్రపఱుపవలెనని యతఁడు పిమ్మట వాదించెను. కాని కుండ చేయు విధము శాస్త్రమున కెక్కినను, చేసినయామె తన పనిని గూర్చి యేమనునో యడుగవలయునన్న తలంపు ఆ శాస్త్రమునకు లేకుండెను. ఆమె దృష్టాంతముగా మిగిలెనే గాని సాక్షి కాలేదు.

అట్లాంటిక్ మహాసముద్రమున కావలియొడ్డున, అమెరికాసంయుక్తరాష్ట్రములయందు, సాక్షిని వెదకినయామె జోరా నీల్ హర్‌స్టన్. ఆమె నల్లజాతి స్త్రీ. బార్నర్డ్ కళాశాలయందు ఫ్రాంజ్ బోయాస్ పండితునికడ మానవశాస్త్రము నభ్యసించినది. దక్షిణరాష్ట్రములఁ దిరిగి తనజాతివారి కథలను, పాటలను, ఆటలను సంగ్రహించుచు 1928 ప్రాంతమున వారిని జలచ్చిత్రములుగాఁ గూడఁ దీసెను. అట్లు తీయఁబడినవారిలో అలబామారాష్ట్రవాసి కొసోలా యొకఁడు. కడ్జో లూయిస్ అనునది యతనికి అమెరికాలో వచ్చిన పేరు. బానిసల దిగుమతి 1808నుండియు నిషిద్ధమైయుండఁగా, 1860లో క్లొటిల్డా యను నోడలో రహస్యముగఁ దెచ్చినవారిలో నతఁడును గలఁడు. చూచువారికిఁ గనఁబడునది కొలఁదిక్షణములు కదలెడి యొక వృద్ధుని రూపము మాత్రమే. అతఁడు చెప్పిన వృత్తాంతమును హర్‌స్టన్ వేఱుగా గ్రంథస్థము చేసినది.

ఇందు రెండంశములు గమనింపఁదగినవి. మొదటిది ప్రయోజకకర్తను గూర్చినది. హర్‌స్టన్ పర్యటనమునకు ధనమును, ఛాయాయంత్రమును సమకూర్చినది షార్లట్ ఆస్‌గుడ్ మేసన్ అను సంపన్నురాలు. 1927 నాఁటి యొడంబడిక ననుసరించి సంగ్రహింపఁబడిన సామగ్రి మేసనుకే చెందును. చూచినది నల్లజాతి విదుషి. చూపుపై నధికారము వేఱొకరిది. రెండవయంశము భాషను గూర్చినది. కొసోలా పలికిన పలుకుబడిని హర్‌స్టన్ మార్పక వ్రాసికొనెను. 1931 ప్రాంతమునఁ బ్రకాశకులు దానిని సంస్కృతమైన యాంగ్లమునకు మార్పుమనిరి, ఆమె యంగీకరింపలేదు. గ్రంథము 'బరాకూన్' అను పేర 2018లోఁ గాని వెలుఁగుఁ జూడలేదు. అప్పటికిఁ గొసోలా గతించి యెనుబదిమూఁడేండ్లు, హర్‌స్టన్ గతించి యేఁబదియెనిమిదేండ్లు. గ్రాంథికభాషను బోషించు పండితులు సైత మీ విషయమున నామె పక్షముననే నిలువవలయును. కావ్యమునందు సంస్కారము గుణము. సాక్ష్యమునందు సంస్కారము ప్రక్షేపము.

ఆఫ్రికాఖండమునందే ప్రయోజకకర్త ప్రభుత్వమై యుండెను. ఫ్రెంచివలసదేశములలో 1934వ సంవత్సరమునఁ బియేర్ లావాల్ మంత్రి పేర నొక శాసనము వెలువడెను. ముందుగా ననుజ్ఞ పొందక యాదేశములలోఁ జలచ్చిత్రములఁ దీయరాదని దాని సారాంశము. వలసపాలనమునకు విరుద్ధములైన చిత్రములను మొలకయందే యడఁచుటకై యీ శాసనము పుట్టినది. తద్దేశీయులకుఁ దమ యూరిని దాము తీయుట ప్రభుత్వానుగ్రహముపై నాధారపడెను.

పోలిన్ సూమనూ వియేరా 1925లోఁ బోర్టోనోవో పట్టణమునఁ బుట్టి, పారిస్‌నందలి ప్రభుత్వ చలచ్చిత్రవిద్యాలయమునఁ బట్టము పొందిన మొదటి యాఫ్రికావాసి. మమదూ సార్ ప్రభృతులైన మిత్రులతోఁ గూడి యాఫ్రికాలోఁ జిత్రము తీయఁదలఁచినను అనుజ్ఞ దొరకలేదు. అంత వారు యంత్రమును దామున్న నగరమువైపే త్రిప్పిరి. పారిస్ వీథులలోఁ దిరుగాడెడి యాఫ్రికా విద్యార్థులను, శ్రామికులను జూపిన 'ఆఫ్రిక్ స్యుర్ సేన్' అను చిత్రము 1955లో వెలసెను. ఖండాంతరమున నున్న తమవారిని దామే చూపుట యందలి విశేషము. అరువదియేండ్లకు ముందు పారిస్ ప్రదర్శనశాలలోఁ గర్మమైనవారు అదే నగరమునఁ గర్తలైరి. తొలుతటి యాఫ్రికాచిత్రములలో నొకటిగా నెన్నఁబడునది యాఫ్రికాలోఁ గాక సేన్ నదీతీరమునఁ బుట్టుటకు నిషేధమే కారణము.

ఈ చిత్రమునకుఁ దోడ్పడినది పారిస్‌నందలి మానవవస్తుశాలకుఁ జేరిన జాతిశాస్త్రచిత్రసంఘము. ఆ సంఘమునకు మూలపురుషుఁడు జాన్ రూష్. ఈతఁడు నిర్మాణశాస్త్రవేత్తగా 1941లో నైజర్ దేశమున కేగి, అచటి జాతుల యాచారములయం దాసక్తుఁడై, జీవితమంతయు వారిని గూర్చి చిత్రములఁ దీసి, 2004లో నాదేశముననే ప్రమాదమున మరణించెను. ఆయన గుణదోషములు రెండును విచారార్హములు.

గుణమిది. నైజర్ నదిలో నీటియేనుఁగులను వేఁటాడువారిని గూర్చి రూష్ తీసిన చిత్రము 1951లో వెలువడినది. ఆయన మరల నాయూరికిఁ బోయి, తెరకట్టి, యా వేఁటకాండ్రకే దానిని జూపెను. వారు చూచి, వేఁటఘట్టమునఁ జేర్పఁబడిన సంగీతమును దప్పుపట్టిరి. వేఁటలో నిశ్శబ్ద ముండవలయును గదా, ఆ చప్పుడు విని మృగము పాఱిపోవునని వారి యాక్షేపణ. రూష్ సంగీతమును దొలఁగించెను. చిత్రింపఁబడినవారు పరిష్కర్తలైన యీ పద్ధతిని సహభాగియైన మానవశాస్త్ర మనిరి.

దోషమును జెప్పినవా రాఫ్రికావాసులే. ఆక్రా నగరమునఁ గూలికై వచ్చిన నైజర్ వాసులు హౌకా యను దేవతలచే నావిష్టులై, గవర్నరులను, సేనాధిపతులను అనుకరించెడి తంతును రూష్ 'లె మేత్ర్ ఫూ' అను చిత్రమునఁ జూపెను. 1955లో వెలువడిన యా చిత్రమును బ్రిటిషు అధికారులు నిషేధించిరి. పారిస్‌నఁ దొలుతఁ జూచినపుడు మార్సెల్ గ్రియోల్ పండితుఁడును, ఆఫ్రికా విద్యార్థులును దానిని నశింపఁజేయుమనిరి. ఆవేశముననున్నవారి నురుగుఁగ్రక్కు ముఖములు ఐరోపావాసుల పూర్వదురభిప్రాయములను దృఢపఱుచునని విద్యార్థుల భయము. ప్రభువులను వెక్కిరించిన వినయహీనత పాలకులకు నొప్పి కలిగించినది. ఎవరెదుట నది చూపఁబడుచున్నదన్న యూహ పాలితులకు నొప్పి కలిగించినది. చిత్రమొకటే యైనను జూచువారిని బట్టి యర్థము వేఱయ్యెను. అందలి వ్యాఖ్యానవచనము హౌకాలది కాదు, రూష్ కంఠమున వినఁబడునది. 1965లో సెనెగల్ దేశీయుఁడు, నవలాకారుఁడు, చిత్రదర్శకుఁడు నగు ఉస్మాన్ సెంబేన్ రూష్‌తో ముఖాముఖి సంభాషించుచు, ఆయనయు నాయనవంటివారును దమ్ముఁ బురుగులను జూచినట్లు చూచుచున్నారని నిందించెను. మిత్రుల నడుమఁ బలుకఁబడిన మాటయైనను అది రెన్యోనాఁటి కుండలు చేయునామె పక్షమున నాలస్యముగా వచ్చిన ప్రత్యుత్తరము.

రూష్ ఆ యాక్షేపణమును విననివాఁడు గాఁడు. 1970 ప్రాంతమున 'పెతీ తా పెతీ' యను చిత్రమున దామూరే జికా యను నైజర్ వాసిని బారిస్‌నకుఁ గొనిపోయి, అచటి శ్వేతజాతీయుల తలలను గొలిపించి, మానవశాస్త్రజ్ఞుల పద్ధతిని వారికే యప్పగించెను. నవ్వు పుట్టించు ఘట్టమది. అయినను వ్యాకరణరీత్యా కొలిచినవాఁడు దామూరే; కొలిపించినవాఁడు రూషే. ప్రయోజకకర్తృత్వము చేయి మాఱలేదు.

ఆ చిత్రమున నటించిన సెనెగల్ యువతి సాఫీ ఫేయ్ ఆ కర్తృత్వమును గైకొనెను. ఆమె 1943లో డకార్ నగరమున సెరేర్ జాతియందుఁ బుట్టి, ఉపాధ్యాయినియై, పిమ్మటఁ బారిస్‌నకేగి జాతిశాస్త్రమును, చిత్రవిద్యను నభ్యసించెను. అధ్యయనముకొఱ కామె యెన్నుకొన్న క్షేత్రము తన పూర్వుల గ్రామమే. 1975లో వెలసిన 'కద్దు బేకత్', అనఁగాఁ గర్షకుని పలుకు, అచటఁ దీయఁబడినది. వలసపాలకులు నాఁటిపోయిన వేరుసెనగ యేకపంటయై పొలముల నాక్రమించుట, పంట చెడినయేఁడు పన్నుచెల్లింపలేక రైతు క్రుంగుట, వివాహమునకు ధనము లేక ఙోర్ అను యువకుఁడు నగరమునకుఁ బోవుట యందలి వస్తువు. ఊరివారు చెట్టునీడఁ గూర్చుండి తమ కష్టములను దామే చర్చింతురు. చిత్రమంతయు జాబురూపమున నుండి ఫేయ్ కంఠముననే నడచును. ఆమె తాత యిందుఁ గనఁబడి, చిత్రీకరణము ముగిసిన కొన్నిదినములకే కాలధర్మము నొందెను. స్వతంత్రసెనెగల్ ప్రభుత్వ మీ చిత్రమును నిషేధించెను. లావాల్ శాసనము పోయినను అనుజ్ఞాధికారి పోలేదు. సబ్‌సహారా యాఫ్రికాస్త్రీ తీసి వాణిజ్యరీతిఁ బ్రదర్శింపఁబడిన పెద్ద చిత్రములలో నిదియే మొదటిదని చరిత్రకారు లెన్నుదురు. ఫేయ్ 2023లో గతించెను.

ప్రయోజకకర్తకుఁ బ్రభుత్వాజ్ఞయే యక్కఱలేదు, ధనమును జాలును. కెన్యాదేశీయుఁడు, ఆచార్యుఁడు నగు అలీ మజ్రూయీ 1986లో 'ది ఆఫ్రికన్స్' అను తొమ్మిదిభాగముల చిత్రమాలను రచించి తానే తెరపై వ్యాఖ్యానించెను. దేశీయసంప్రదాయము, ఇస్లాము, పాశ్చాత్యనాగరకత యను త్రివిధదాయము నాఫ్రికాకుఁ గలదని యతని సిద్ధాంతము. ద్రవ్యసాహాయ్యము చేసిన అమెరికా జాతీయమానవికవిద్యానిధి యధ్యక్షురాలు లిన్ చేనీ, పశ్చిమదేశములపై నిందగా నున్నదని తలఁచి, యా చిత్రములనుండి తమ సంస్థ పేరు తీసివేయుమనెను. ఐరోపావాసి యాఫ్రికాను జూచి చెప్పిన చిత్రములను అభిప్రాయములని యెవరు నంతగాఁ బేర్కొనలేదు. ఆఫ్రికావాసి చెప్పఁగనే యది యభిప్రాయ మయ్యెను.

కడకు 1995లో మాలిదేశమునఁ బుట్టి న్యూయార్కు విశ్వవిద్యాలయమున నాచార్యుఁడైన మంతియా దియావారా పారిస్‌నకుఁ బోయి రూష్‌నే చిత్రవస్తువుగాఁ జేసికొనెను. 'రూష్ ఇన్ రివర్స్' అను నందు వృద్ధుఁడైన యా జాతిశాస్త్రజ్ఞుఁడు కర్మము, ఆఫ్రికావాసి కర్త. పగఁ దీర్చుకొనుట యందలి ప్రయోజనము గాదు. చూచువానికి దేశకాలములు, ప్రీతిద్వేషములు గలవనియు, వానిని దెలిసికొనక చూపును బ్రమాణముగా గ్రహింపరాదనియు నా చిత్రము నిరూపించుచున్నది.

ఇంతవఱకుఁ జూపఁబడిన వృత్తాంతమువలన యథార్థచిత్రమును సాధనముగాఁ గొనువారు నాలుగు విషయములను బరిశీలింపవలయునని తేలుచున్నది. యంత్ర మెవరి చేత నుండెను. అనుజ్ఞయు ధనము నెవరివి. పలుకు ఎవరిది, ఏ భాషలో నున్నది. చిత్రింపఁబడినవారికిఁ జిత్రము చూపఁబడెనా. ఈ నాలుగును దెలియని చిత్రము ప్రతిలేఖకుఁ డెవఁడో తెలియని తాళపత్రమువంటిది. గ్రాహ్యమే కాని పరిష్కరింపవలసినది. కొసోలావలన నిందుకు మఱల నుదాహరణ మున్నది. 2019లోఁ క్లొటిల్డా యోడ శిథిలములు గుర్తింపఁబడెను. 2022లో వెలువడిన 'డిసెండెంట్' అను చిత్రమున నాతని తోడివారి సంతతివారు హర్‌స్టన్ వ్రాసిన యాతని పలుకులను దమ నోటఁ జదివిరి. సంస్కరింపఁబడక నిలిచిన మాట గనుకనే వారికిఁ దమమాటగా నందినది.

ఆఫ్రికావాసుల ప్రవాసము పడమటిసముద్రముపైనే సాగలేదు, తూర్పునను సాగినది. హైదరాబాదునగరమున ఏ.సీ. గార్డ్సు అను పేట కలదు. నిజాముప్రభువుల కొలువునందలి యాఫ్రికారౌతుల దళమునుండి యా పేరు వచ్చినది. సిద్దీలనఁబడు వారి సంతతివారు నేఁటికి నా నగరమునఁ గలరు. వారి వృత్తాంతమును శబ్దరూపముగనో చిత్రరూపముగనో సంగ్రహింపఁబూనువా రీ నాలుగు ప్రశ్నలను యంత్రముతోఁ గూడఁ గొనిపోవుదురుగాక.