తరిగొండ వారి హారతి

తిరుమలలో దర్శనం అయిన తరువాత అన్నప్రసాదం పంక్తిలో కూర్చోని వారు మన సభ్యులలో బహుశా ఒక్కరూ ఉండరు. 1985 ఏప్రిల్‌లో ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా అక్కడ నిత్యాన్నదానం మొదలైంది. 2011 జూలైలో నాటి రాష్ట్రపతి శ్రీమతి ప్రతిభా పాటిల్ ప్రారంభించిన కొత్త భవనంలో ఒకేసారి నాలుగు వేల మంది భోజనం చేయవచ్చు. ఆ భవనానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. ఆమె ఎవరని అడిగితే మనవలే కాదు, మనలోనూ కొందరు "ఎవరో దాతగారు అయ్యుంటారు" అంటారు. ఆమె దాత కాదు, కవయిత్రి. తన కాలపు పెద్దల మాటకు తల వంచని మనిషి.

వెంగమాంబ 1730లో గుర్రంకొండ దగ్గరి తరిగొండలో పుట్టింది. తండ్రి కానాల కృష్ణయ్య, తల్లి మంగమాంబ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కడప నుంచి విడదీసి కలిపిన మదనపల్లె, వాయల్పాడు సీమ అది. ఆనాటి ఆచారం ప్రకారం చిన్ననాడే పెళ్ళి చేశారు. భర్త ఇంజేటి వేంకటాచలపతి కొంతకాలానికే పోయాడు. అంతటితో ఆ పిల్ల కథ ముగిసిపోవలసింది. గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం, తల గొరిగించడం, ఆపైన వంటింటి మూల జీవితం. ఇవన్నీ ఎలా జరిగేవో మన ముత్తవ్వల గురించి విన్నవారికి చెప్పనక్కరలేదు.

ఆమె ఒప్పుకోలేదు. తన భర్త వేంకటేశ్వరుడేనని, ఆయన ఉండగా తాను విధవను ఎలా అవుతానని అడిగింది. జుట్టు ఉంచుకుంది, బొట్టు పెట్టుకుంది. ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా? పుష్పగిరి పీఠాధిపతి వచ్చి శిరోముండనం చేయించుకోమన్నారనీ, ఆమె చేసిన నమస్కారానికి ఆయన ఆసనమే దగ్ధమైందనీ కథ. మహిమలను నమ్మేవారు నమ్ముతారు, నమ్మనివారు నమ్మరు. కథలోంచి మహిమను తీసివేసినా మిగిలేది చిన్న విషయం కాదు. మఠాధిపతి మాటకు ఒక పల్లెటూరి పిల్ల ఎదురు నిలిచిందని జనం తరతరాలుగా చెప్పుకున్నారు, అదీ ఆమె పక్షాన ఉండి చెప్పుకున్నారు. రాజమండ్రిలో వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. ఈమె పట్టుదల అంతకు శతాబ్దానికి పైగా ముందటిది. వెనుక ఏ సంఘమూ లేదు, ఏ పత్రికా లేదు.

మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వద్ద ఉపదేశం పొందింది. తరిగొండ నృసింహ శతకం, శివనాటకం, రాజయోగామృతసారం మొదలైనవి రాసింది. తరువాత కొండకు చేరింది. అక్కడ ఆమెకు ఆదరువు చూపినవారు అన్నమాచార్యుల వంశీకులైన తాళ్ళపాక వారని చెబుతారు. అక్కడా కొందరి వేధింపు తప్పలేదట. విసిగి తుంబురకోనకు పోయి కొన్నేళ్ళు తపస్సు చేసి తిరిగి వచ్చిందంటారు. ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, విష్ణుపారిజాతం, యక్షగానాలు, తత్త్వకీర్తనలు, అన్నీ కలిపితే గ్రంథాలు డజనుకు మించుతాయి. పెద్ద చదువులు చదవని ఆడవాళ్ళు కూడా పాడుకునేందుకు వీలుగా ద్విపదనూ యక్షగానాన్నీ ఎంచుకుందని నా నమ్మకం.

తిరుచానూరు వాళ్ళం మనం ఆమెకు మరికొంత ఎక్కువ ఋణపడి ఉన్నాము. ఆకాశరాజు కూతురు పద్మావతి, వకుళమాలిక రాయబారం, కుబేరుడి దగ్గర అప్పు, ఇవన్నీ సంస్కృత పురాణాలలో ఉన్నవే. అయితే తెలుగు ఇళ్ళలో ఆ కథ నిలవడానికి ఆమె వేంకటాచల మాహాత్మ్యం కూడా ఒక ముఖ్య కారణం. కార్తీకంలో పంచమీతీర్థం నాడు పద్మసరోవరం గట్టున నిలబడి పిల్లలకు అమ్మవారి కథ చెప్పేటప్పుడు మన నోట పలికే కథలో ఆమె పాలు కొంత ఉంటుంది.

ఇక్కడ చిన్న పక్కదారి. మెక్సికో దేశానికి ఇటువంటి కవయిత్రే ఒకామె ఉంది, సోర్ హువానా. వెంగమాంబకు ముందు తరాలది, పదిహేడవ శతాబ్దం నాటిది. చదువుకోవడం కోసం పెళ్ళి మానుకుని 1669లో క్రైస్తవ సన్యాసినుల మఠంలో చేరింది. చిన్నప్పుడు అనుకున్న గడువులోగా పాఠం రాకపోతే తన జుట్టు తానే కత్తిరించుకునేదట, విద్య లేని తలకు అలంకారమెందుకని! ఈమె చదువు కోసం జుట్టు తీసింది, మన ఆమె మానం కోసం జుట్టు నిలిపింది. ఒక బిషప్ మందలించగా, స్త్రీలకు చదువుకునే హక్కు ఉందని 1691లో పెద్ద జవాబు రాసింది. చివరికి పుస్తకాలు విడిచిపెట్టవలసి వచ్చింది. 1695లో అంటువ్యాధి సోకిన తోటివారికి సేవ చేస్తూ పోయింది. ఈనాడు ఆ దేశపు నోట్ల మీద ఆమె బొమ్మ ఉంది. ఆమె ఉన్న మఠం విశ్వవిద్యాలయమైంది. ఆమె మీద 1982లో గొప్ప గ్రంథం రాసిన ఒక్తావియో పాజ్ కూడా కవే. 1962 నుంచి ఢిల్లీలో మెక్సికో రాయబారిగా ఉండి, 1968లో తమ ప్రభుత్వం విద్యార్థుల మీద కాల్పులు జరిపించినందుకు నిరసనగా పదవి వదులుకున్నాడు. ఉద్యోగాలు చేసిన మనకు ఆ మాట బరువెంతో తెలుసు.

మన ప్రభుత్వాలు వెంగమాంబను గుర్తించడానికి చాలా కాలం పట్టింది. 1980లలో హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద నిలిపిన విగ్రహాలలో అన్నమయ్య ఉన్నాడు, మొల్ల ఉంది, వెంగమాంబ లేదు. 1983లో తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం పెట్టి పద్మావతి అమ్మవారి పేరు పెట్టారు, సంతోషమే. ఆ అమ్మవారి కథను తెలుగులో రాసిన ఆడమనిషి పేరు పెద్ద బోర్డు మీదికి ఎక్కడానికి ఇంకో ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

అయినా నా మనసులో ఉన్న విషయం బోర్డులది కాదు. వెంగమాంబ 1817లో పరమపదించింది. శ్రావణ శుద్ధ నవమినాడు ఆమె వర్ధంతి. వరలక్ష్మీ వ్రతం కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. 2023లో రెండూ ఒకే శుక్రవారం పడ్డాయి. ఆ వ్రతం నాడు వీధిలో ప్రతి ఇంటి నుంచీ పేరంటానికి పిలుపు వస్తుంది. కుటుంబ పెన్షను తీసుకునే మన సోదరీమణుల గడపకు మాత్రం చాలా చోట్ల రాదు. నవంబరులో జీవన ధృవపత్రం ఇవ్వడానికి బ్యాంకులో అందరితో సమానంగా కూర్చునే ఆమె, ఎదురింటి పసుపు కుంకుమల దగ్గర వెనక గదిలోకి పోతుంది. ఎవరూ పొమ్మనరు, తానే పోతుంది. పేరంటానికి పిలవకపోవడం శాస్త్రమా, అలవాటా అని మా ఇంట్లో అడిగితే జవాబు దొరకలేదు. పోయిన శ్రావణంలో మా కోడలు ఇద్దరిని పిలిచింది. ఒకామె వచ్చారు. రెండో ఆమె కబురు పంపారు, మోకాళ్ళ నొప్పులని.

ఇకపోతే, కొండమీద రాత్రి ఏకాంతసేవలో తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అనే మాట ఈనాటికీ నడుస్తున్నది. స్వామిని నిద్రపుచ్చే వేళ అన్నమయ్య పాట వినిపిస్తుంది, వెంగమాంబ పేర ముత్యాల హారతి ఇస్తారు. భర్త పోయిందాని చేతి హారతి అశుభమన్న సమాజంలోనే ఈ ఏర్పాటు సాగింది. ఆ హారతి అయిన తరువాతే తలుపులు మూస్తారు.

తిరుమలలోనే ఆమె బృందావనం ఉంది. ఈసారి కొండకు వెళ్ళే సభ్యులు అన్నప్రసాదం అయ్యాక కాస్త తీరిక చేసుకుని, ఇంట్లో ఆడవాళ్ళతో కలిసి చూసి రావలసిందిగా మనవి.