రేకు వత్తే విద్య: బొలోన్యా గుడ్డు పాస్తా

ఇటలీలో పాస్తా చరిత్ర రెండు రకాల గోధుమలను అనుసరించి రెండు పాయలుగా సాగింది. దక్షిణాన గట్టి గోధుమ రవ్వను నీళ్లతో కలిపి, ఎండబెట్టి, నిలవ చేసి ఓడల్లో దూరప్రాంతాలకు పంపేవారు. ఉత్తరాన పో నదీ మైదానంలో మెత్తని గోధుమపిండిని కోడిగుడ్లతో కలిపి, వత్తి, తాజాగానే వండుకొనేవారు. సిసిలీ రాజు రెండవ రోజర్ ఆస్థానంలోని భౌగోళికశాస్త్రవేత్త అల్ ఇద్రీసీ, పలెర్మో సమీపాన త్రాబియాలో ‘ఇత్రియా’ అనే సేమియా వంటి పదార్థం విరివిగా తయారై ఎగుమతి అవుతున్నదని 1154లో ముగించిన గ్రంథంలో రాశాడు కనుక, 1295లో వెనీసుకు తిరిగివచ్చిన మార్కో పోలో చైనా నుంచి పాస్తాను తెచ్చాడన్న కథ నిలవదు. ఎండు పాస్తా ఇలా వర్తకపు సరుకై గ్రంథాలకెక్కగా, గుడ్డు పాస్తా చేసే నేర్పు మాత్రం ప్రధానంగా ఇంటి ఆడవారి చేతుల్లో ఉండి, తల్లి నుంచి కూతురికి అందుతూ వచ్చింది.

ఎమీలియా-రొమాన్యా ప్రాంతంలో, ముఖ్యంగా బొలోన్యా నగరంలో, పలుచగా వత్తిన పిండిరేకును ‘స్ఫోల్యా’ అనీ, దానిని వత్తే స్త్రీని ‘స్ఫోల్యీనా’ అనీ అంటారు. ఆకును సూచించే మాట నుంచి ఈ పేర్లు పుట్టాయి. వంద గ్రాముల పిండికి ఒక గుడ్డు అన్నది వాడుకలోని కొలత. పిండిని చెక్క పలకపై కుప్పగా పోసి, నడుమ గుంట చేసి, గుడ్లు కొట్టి పోసి బాగా మర్దిస్తారు. ముద్దను అరగంట నాననిస్తే పిండిలోని జిగురు సడలి, వత్తినప్పుడు వెనక్కు ముడుచుకోకుండా సాగుతుంది. అప్పడాల కర్రను పోలినదే అయినా దానికంటే చాలా పొడవైన ‘మత్తరెల్లో’తో రేకును వత్తుతూ, అప్పుడప్పుడు దానిని కర్రకు చుట్టి, అరచేతులను నడుమ నుంచి అంచులకు జరుపుతూ సాగదీస్తారు. చెక్క మీద వత్తడం వల్ల రేకుకు వచ్చే సన్నని గరుకుదనమే తరువాత ‘రగూ’ అనే మాంసపు కూరను పట్టి ఉంచుతుంది. నగరం పక్కని కొండపై ఉన్న సాన్ లూకా ఆలయం రేకు గుండా కనబడాలని బొలోన్యావాసులు చెప్పుకొంటారు.

ఇటువంటి ఇంటి వంటలు తరువాత అచ్చులోకీ వచ్చాయి. రొమాన్యాలోని ఫోర్లింపోపొలిలో పుట్టిన పెల్లెగ్రీనో అర్తూసి 1891లో ఫ్లోరెన్సులో సొంత ఖర్చుతో అచ్చువేయించిన వంటల పుస్తకం, మొదట 475 వంటకాలతో వెలువడి, ఆయన మరణించిన 1911 నాటికి 790కి పెరిగి, ఇటలీ మధ్యతరగతి ఇళ్లలో స్థిరపడింది. ఆ వంటకాలను వండి పరీక్షించినవారిలో ఆయన వంటమనిషి మరియెత్తా సబతీని ఒకరు.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత స్త్రీలు కర్మాగారాలకు, కార్యాలయాలకు వెళ్లడం పెరిగి, యంత్రాలు చేసిన పాస్తా చౌకగా దొరకసాగిన కొద్దీ, ఇంట్లో రేకు వత్తడం నేర్పే క్రమం సన్నగిల్లింది. బొలోన్యా నగరం ఈ నష్టాన్ని మొదట పత్రాలతో పూడ్చుకోజూసింది. 1972 ఏప్రిల్ 16న ఇటాలియన్ పాకకళా అకాడమీ, ‘తల్యతెల్లె’ అనే పట్టీ పాస్తా ఉడికిన తరువాత 8 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే నగరంలోని ఆసినెల్లి గోపురం ఎత్తులో 12,270వ వంతు ఉండాలని బొలోన్యా వాణిజ్యమండలిలో నమోదు చేయించింది. 1974లో ‘తొర్తెల్లీని’ అనే చిన్న మడత పాస్తాలో కూరే మాంసపు మిశ్రమం కూడా అక్కడే నమోదైంది. 1487 నాటి పెళ్లిలో లుక్రేజియా దేస్తె బంగారు కురులను చూసి ఒక వంటవాడు తల్యతెల్లెను సృష్టించాడన్న ప్రసిద్ధ కథ మాత్రం, 1931లో చిత్రకారుడు ఆగుస్తో మయానీ సరదాగా కల్పించినది.

పట్టీ వెడల్పును వాణిజ్యమండలి భద్రపరచగలిగింది కాని, రేకు ఎక్కడ మందంగా ఉందో తడిమి తెలుసుకొనే స్పర్శకు అటువంటి నమోదు లేదు. అందుకే ఇంటి నుంచి జారిపోతున్న విద్యకు బడి అవసరమైంది. 2007లో ఫోర్లింపోపొలిలో ఏర్పడిన ‘కాసా అర్తూసి’లో చేతి పాస్తాను నేర్పే స్త్రీలు, పుస్తకం రాసిన యజమాని పేరును కాక వండిన మరియెత్తా పేరునే పెట్టుకొని, తమను ‘మరియెత్తె’లని పిలుచుకొంటారు.