పదో తరగతి పరీక్షలు: పాఠం చెప్పలేకపోయినా పర్లేదు.. పేరెంట్స్ చేయాల్సినవి ఇవే!

పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే పిల్లలకంటే ముందు పేరెంట్స్‌కే టెన్షన్ మొదలవుతుంది. కొల్లేరు లంక గ్రామాల్లో చేపల చెరువుల మీద పనిచేసేవాళ్లు, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో బస్తాలు మోసేవాళ్లు, ఏలూరులో రాత్రి దాకా షాపుల్లో ఉండేవాళ్లు.. 'మాకే చదువు రాదు, పిల్లలకు మేమేం చెప్తాం?' అనుకుంటుంటారు. కానీ పాఠం చెప్పడం టీచర్ల పని. ఇంట్లో చేయాల్సినవి వేరే ఉన్నాయి. వాటికి చదువుతో పనిలేదు.

నిద్ర తగ్గించొద్దు: 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని వైద్య నిపుణులు చెబుతున్నారు. చదివింది గుర్తుండాలన్నా నిద్ర కావాల్సిందే. రాత్రి ఒంటిగంట దాకా కూర్చోబెట్టి, మళ్లీ నాలుగింటికే లేపితే లాభం కంటే నష్టమే ఎక్కువ.

ఇంట్లో కాస్త నిశ్శబ్దం: ఒకే గది ఉన్న ఇల్లయినా సరే, సాయంత్రం రెండు గంటలు టీవీ ఆపేయండి. మీ ఫోన్‌లో రీల్స్ సౌండ్ కూడా. పరీక్షలయ్యే దాకా చెరువు కాపలా, మేత పనులు పిల్లలకు చెప్పొద్దు. ఆడపిల్లలైతే అంట్లు, వంట పనుల నుంచి కూడా వదిలేయండి.

అడిగే తీరు మార్చండి: 'ఎన్ని మార్కులొస్తాయ్?' అనే బదులు 'ఈరోజు ఏది కష్టంగా అనిపించింది నాన్నా?' అని అడిగి చూడండి. పక్కింటి పిల్లలతో పోలికలు అసలొద్దు. పరీక్ష రాసి వచ్చాక ఆ పేపర్ గురించి గుచ్చి గుచ్చి అడగొద్దు. భోజనం పెట్టి, తర్వాతి పేపర్‌కు వదిలేయండి.

సెంటర్ ముందే చూసుకోండి: పరీక్ష ఉదయం 9.30కి మొదలవుతుంది. లంక గ్రామాల నుంచి వెళ్లేవాళ్లు ఏ బస్సు ఎన్నింటికి ఉందో, అది తప్పితే ఎలా వెళ్లాలో ముందురోజే చూసుకోవాలి. హాల్ టికెట్‌ను ఫొటో తీసి మీ ఫోన్‌లో ఉంచుకోండి.

ఫలితాల గురించి ఇప్పుడే మాట్లాడండి: పాస్ కావాలంటే ఒక్కో సబ్జెక్టులో 100కి 35 మార్కులు, హిందీలో 20 వస్తే చాలు. 2025లో రాష్ట్రంలో 6.14 లక్షల మంది పరీక్ష రాస్తే 4.98 లక్షల మంది పాసయ్యారు. అంటే లక్షమందికి పైగా తప్పారు. వాళ్ల కోసమే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 23న ఫలితాలొస్తే, మే 19 నుంచే మళ్లీ పరీక్షలు పెట్టారు. ఏడాది వృథా కాకూడదనే ఈ ఏర్పాటు. ఈ సంగతి పిల్లలకు ఫలితాల రోజు కాదు, ఇప్పుడే చెప్పండి. 'తప్పినా మేమున్నాం, మళ్లీ రాద్దాం' అనే మాట మీ నోటి నుంచే వినాలి.

ఇవి కనిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దు: తిండి మానేయడం, నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, 'నేనుండి ఏం లాభం' లాంటి మాటలు.. ఇవి కనిపిస్తే తిట్టొద్దు, ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలే కాదు, పేరెంట్స్ కూడా కాల్ చేయొచ్చు. ఫలితాలొచ్చే రోజు మాత్రం ఇంట్లో ఒకరు పని మానుకుని పిల్లల పక్కనే ఉండండి.