తిరుపతి సీమలో పల్లెపదము

పల్లెపాటకు చరిత్ర వ్రాయబూనినవాని కెదురగు మొదటి చిక్కు, అది వ్రాతకు లొంగకుండుటయే. దంపుళ్లవేళ పుట్టిన సువ్విపాట రోకటి పోటుతోనే యాగిపోవును. దానిని వ్రాసి దాచువాడెవ్వడు? తిరుపతి, చిత్తూరు ప్రాంతములకు మాత్ర మీ విషయమున నొక యపూర్వభాగ్యము పట్టినది. ఇచ్చట పల్లెపదము కొండనెక్కి, స్వామి సన్నిధి చేరి, రాగిరేకులపై నిలిచినది.

13వ శతాబ్దివాడగు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో తుమ్మెదపదములను, గొబ్బిపదములను, వెన్నెలపదములను పేర్కొనెను గాని, పేర్లు తెలిసినంతమాత్రమున పాటలు తెలియవు. ఆ పదములకు సాహిత్యగౌరవమును సమకూర్చినవాడు 1408లో జన్మించెనని చెప్పబడు తాళ్లపాక అన్నమాచార్యుడు. ఆయన మనుమడు చిన్నన్న ద్విపదగా రచించిన చరిత్రమున నొక ఘట్టము మిగుల హృద్యము. ఇంటివారి పనుపున గడ్డికోయబోయిన బాల అన్నమయ్య కొడవలిచే చిటికెనవ్రేలు తెగగా, నెత్తురు చూచి సంసారబంధములను రోసి, ఆడుచు పాడుచు తిరుమల కేగుచున్న యాత్రికుల గుంపులో కలిసిపోయెనట. ఆయనకు మొదటి సంగీతశాల యా యాత్రికుల త్రోవయే యని నా విశ్వాసము.

పదునారవయేట, అనగా 1424లో, మొదలిడి 1503 వరకు సంకీర్తనలు రచించెనని రేకుల తొలిపలుకు తెలుపుచున్నది. ముప్పదిరెండువేలని ప్రతీతి. వీనిలో జాజరలు, గొబ్బిళ్లు, కోలాటములు, ఉయ్యాలలు, జోలలు, చందమామ పదములు చేరుటయే నా దృష్టిలో మహత్తర ఘట్టము. ఏలయన, వడ్లు దంచు నిల్లాలి యూపిరికి తగిన నడకలోనే వేదాంతమును పలికింపవచ్చునని మన భాషలో నింత విస్తారముగ నిరూపించినవారు తత్పూర్వము లేరు. కుమారుడు పెదతిరుమలాచార్యుని కాలమున నివి రాగిరేకుల కెక్కి, తిరుమల యాలయమున సంకీర్తన భాండారమను చిన్నగదిలో భద్రమయ్యెను.

తరువాత దీర్ఘమైన మౌనము. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన కాంబెల్ దొర, కొండమీది వేలకొలది రేకుల మాట విని, పరిశీలించుటకై యొకనిని పంపెను. ఒక లక్షణగ్రంథము తప్ప తక్కినవన్నియు దైవస్తోత్రములే యని తెలిసి, యంతటితో విడిచెను. వ్యాకరణమును వెదకినవానికి పాట యక్కరలేకపోయినది! ఆ కాలముననే కవయిత్రి తరిగొండ వెంగమాంబ యక్షగానములు రచించి దేశిఫణితిని నిలిపినది. తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి యని నేటికిని తిరుమలస్వామి ఏకాంతసేవ నుద్దేశించి జనులు చెప్పుకొందురు.

1922లో దేవస్థాన శాసనపరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషిచే రేకులు మరల వెలుగు చూచినవి. సుమారు పదునాలుగువేల పాటలు దక్కినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరణకు పూనుకొనిరి. కాని రేకులపై పాట తలకట్టున రాగనామము మాత్రమే యుండెను. తాళము లేదు, స్వరము లేదు. ఇంచుమించు ఆ దశకముననే, 1927లో, అమెరికాలోని బ్రిస్టల్ పట్టణమున ధ్వనిముద్రణకర్త రాల్ఫ్ పియర్ కొండపల్లెల గాయకులను పిలిపించి వారి కంఠములను యంత్రమున పట్టించెను. అచ్చటివారికి గొంతుక దక్కినది. మనకు మాట దక్కి బాణీ జారిపోయినది. అన్నమయ్యదిగా ప్రసిద్ధమైన 'జో అచ్యుతానంద' జోలపాట మాత్రము రేకుల ప్రమేయము లేకయే తల్లుల నోళ్లలో బ్రదికినది.

ఆ లోటు పూరించుటకై 1950 ప్రాంతమున తిరుపతికి వచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, మన రాయలసీమబిడ్డ, సంపుటములను పరిష్కరించుచు నూటికి పైబడిన కీర్తనలకు స్వరరచన గావించిరి. 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు వెలసినపిదప, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గార్ల బాణీలు క్యాసెట్ల ద్వారా ఊరూర వ్యాపించినవి. నేడు బ్రహ్మోత్సవములలో వాహనముల ముందు కోలాటమాడు పల్లెపడుచులు ఆ పదములకే యడుగు వేయుచున్నారు.

ఏ రేకున కెక్కని పాట యింకొకటి చిత్తూరు పల్లెలలో మిగిలియున్నది. ధర్మరాజస్వామి గుళ్లయెదుట వేసవిలో జరుగు భారతోత్సవమున పగలు హరికథ, రాత్రి వీధినాటకము. అర్జునుడు తపస్సుమాను అను నెత్తైన కంబము నెక్కునాడు వేషధారి మెట్టుమెట్టునకు పాడుచు పైకేగును. క్రింద సంతానార్థినులు తడిబట్టలతో సాగిలపడియుండగా మాను మీదినుండి నిమ్మపండ్లు విసరును. అంత యెత్తున, ఏ పక్కవాద్యము నందని చోట, గొంతు చెదరక పాడుట యెంతటి సాధన! కుప్పమున 1997లో నెలకొన్న ద్రావిడ విశ్వవిద్యాలయమున జానపదశాఖ గలదు. ఈ తపస్సుమాను పాటలను, పాడువారు సజీవులై యుండగనే, బాణీతో సహా ధ్వనిముద్రణ గావింపవలసినదిగా ఆ శాఖవారిని మనసార వేడుచున్నాను.