రిమ్ముల చప్పుడు

తొమ్మిదో తరగతిలో మా సోషల్ మాస్టారు రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో ఒక కథ చెప్పారు. మలయాలో జపాన్ సైనికులు సైకిళ్ల మీద వచ్చారట. టైర్లు పంక్చరైతే వాటిని పీకి పారేసి ఉత్త రిమ్ముల మీదే తొక్కారట. రాత్రిపూట తారురోడ్డు మీద ఆ గరగర విని, టాంకులు వస్తున్నాయనుకుని ఎదురుగా ఉన్న సిపాయిలు పరుగు తీశారట. క్లాసంతా పగలబడి నవ్వాం. అద్దె సైకిలు మీద తొక్కడం నేర్చుకున్న వాళ్లం, ఆ చప్పుడు మాకు తెలియనిది కాదు.

ఇంజనీరునయ్యాక ఆ దండయాత్ర గురించి చదివాను. 1941 డిసెంబరు 8న దిగిన జపాన్ సైన్యం 1942 జనవరి 31కల్లా ద్వీపకల్పం దక్షిణపు కొసకు చేరింది. రబ్బరు తోటల కోసం, తగరపు గనుల కోసం వేసిన మంచి తారురోడ్లు వాళ్లకు కలిసొచ్చాయి. వెనక్కి తగ్గుతున్న బ్రిటిష్ సైన్యం వంతెనలు కూల్చేస్తే లారీలు ఆగిపోయేవి. సైనికుడు మాత్రం సైకిలు భుజానికెత్తుకుని ఏరు దాటేవాడు. యుద్ధానికి ముందే జపాన్ సైకిళ్లు మలయాలో విరివిగా అమ్ముడయ్యాయి కనుక విడిభాగాలు ఊళ్లలోనే దొరికాయి. ప్రతి కంపెనీతోపాటు రిపేరు చేసే మనుషులూ నడిచారు. ఎండకు, బరువుకు ట్యూబులు పేలుతుంటే వాళ్లకు చేతినిండా పనే.

ఇక రిమ్ముల కథ. దాన్ని రాసింది గెలిచినవాళ్ల వైపు మనిషి, దాడికి పథకం వేసిన అధికారుల్లో ఒకడైన మసనోబు త్సుజి. యుద్ధం ముగిశాక తన జ్ఞాపకాల్లో రాశాడు. పరుగెత్తాడని చెప్పిన సిపాయి మాట అందులో లేదు.

ఆ సిపాయి వైపు నుంచి చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. 1942 జనవరి 7 తెల్లవారుజామున స్లిమ్ నది దగ్గర నిజమైన టాంకులే వచ్చాయి, సుమారు ముప్ఫై. మొదటి దెబ్బ తిన్నవాళ్లలో 19వ హైదరాబాద్ రెజిమెంటు నాలుగో బెటాలియన్ ఉంది. పేరులో హైదరాబాదు ఉన్నా అందులో ఎక్కువమంది కుమావోనీలు, జాట్లు, అహీర్లు. ఆ రెజిమెంటే తర్వాత కుమావోన్ రెజిమెంటు అయింది. ఆ రోజుకు మలయాలో వాళ్ల వైపు ఒక్క టాంకు కూడా లేదు. సాయంత్రానికి రెండు బ్రిగేడ్లు చెల్లాచెదురయ్యాయి.

అలాంటి రోడ్డు మీద చీకట్లో ఇనుము గరగర వింటే టాంకే అనుకోవడం తెలివితక్కువతనమా? నిద్ర లేక, వారాలుగా వెనక్కి నడుస్తున్న మనిషికి చప్పుడులో తేడా తెలుసుకునే వ్యవధి ఎక్కడిది?

సైకిలు గొప్పదనం మీద నాకు సందేహం లేదు. మన నవ్వు మీదే సందేహం. ఈ సంగతి మాస్టారితో చెప్పాలనుకున్నాను, ఆయన ఇప్పుడు లేరు. ఆ రోజు నాతో కలిసి నవ్వినవాళ్లలో చాలామంది ఈ సంచిక తిరగేస్తారు కదా, అందుకే ఇక్కడ రాశాను.